వ్యాపార నిర్వహణ: ప్రధాన భావనలు, నమూనాలు

మనుషుల చేత, ఉన్న డబ్బుతో, ఉన్న సమయంలో అనుకున్న పని జరిగేట్టు చూడడమే వ్యాపార నిర్వహణ. ప్రణాళిక, వ్యవస్థీకరణ, సిబ్బంది నియామకం, నిర్దేశం, నియంత్రణ అనే విధులను ఇంటర్ కామర్స్ నుంచి ఎం.బి.ఏ. దాకా ప్రతి విద్యార్థీ వల్లె వేస్తాడు. మాస్లో పిరమిడ్, స్వాట్, పోర్టర్ ఐదు శక్తులు కూడా అదే వరసలో పది మార్కుల ప్రశ్నలుగా వస్తాయి. నిజానికి వీటిలో చాలా భాగం ఏదో ఒక కార్ఖానాలోనో కంపెనీలోనో ఎదురైన చిక్కును విప్పే ప్రయత్నంలో పుట్టాయి. ఆ చిక్కేమిటో తెలిస్తే నమూనా ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో కూడా తెలుస్తుంది. అందుకే ఈ వ్యాసం ముఖ్యమైన నమూనాలను అవి పుట్టిన చోటుతో కలిపి పరిచయం చేస్తుంది.

విశ్వవిద్యాలయాల్లో ఈ చదువు 1881లో అమెరికాలోని వార్టన్ స్కూలుతో మొదలైంది. హార్వర్డ్ బిజినెస్ స్కూలు 1908లో వచ్చింది. మన దేశంలో ఎం.బి.ఏ. తొలుత మొదలుపెట్టిన విశ్వవిద్యాలయాల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఒకటి. అక్కడ ఆ కోర్సు 1957లోనే ఉంది. అహ్మదాబాదు, కలకత్తా ఐఐఎంలు 1961లో వచ్చాయి. ఉద్యోగంలో ఉన్న మేనేజర్లకు, అధికారులకు శిక్షణనిచ్చే అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 1956లో హైదరాబాదులో ఏర్పడింది.

కార్ఖానాలో మొదలు

ఫ్రెడరిక్ టేలర్ (1856–1915) అమెరికా ఉక్కు కర్మాగారాల్లో కింది స్థాయి నుంచి పైకొచ్చిన ఇంజనీరు. ఒక పనికి ఎంత సమయం పడుతుందో యజమానికి తెలియదు. తెలిసిన కార్మికుడు చెప్పడు, చెబితే కూలి రేటు తగ్గిస్తారని అతని భయం. ఈ ముడి విప్పడానికి టేలర్ స్టాప్‌వాచ్ చేతబట్టాడు. పనిని చిన్న చిన్న కదలికలుగా విడగొట్టి, ఒక్కోదానికి పట్టే సమయం కొలిచి, ఏది మేలైన పద్ధతో తేల్చి, దాన్నే అందరికీ నేర్పాలన్నాడు. బెత్లెహామ్ స్టీల్ కంపెనీలో రోజుకు 12.5 టన్నుల ఇనుప దిమ్మెలు ఎత్తే కూలీ చేత 47.5 టన్నులు ఎత్తించానని, అతని కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగిందని 1911లో అచ్చయిన తన శాస్త్రీయ నిర్వహణ గ్రంథంలో రాశాడు. అంటే పని దాదాపు నాలుగింతలైంది, కూలి మాత్రం అరవై శాతం పెరిగింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే యజమానులు టేలర్‌ను ఎందుకు నెత్తిన పెట్టుకున్నారో, కార్మిక సంఘాలు ఎందుకు ఎదురుతిరిగాయో వేరే చెప్పనక్కర్లేదు. అదే ఏడాది వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో ఆయన పద్ధతికి వ్యతిరేకంగా సమ్మె జరిగింది. మరుసటేడు అమెరికా కాంగ్రెస్ కమిటీ ఆయన్ని పిలిపించి ప్రశ్నలడిగింది. ఇనుప దిమ్మెల కథలో కల్పన పాలు చాలానే ఉందని 1974లో పరిశోధకులు పాత రికార్డులు తిరగేసి చూపారు. అయినా టేలర్ పద్ధతికి కాలం చెల్లలేదు. గోదాములో ఒక్కో ప్యాకెట్టుకు ఇన్ని సెకన్లని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ చేస్తున్నదీ ఆ పనే.

హెన్రీ ఫోర్డ్ ఇదే దారిలో ఇంకో అడుగు వేశాడు. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను పెట్టాక, మోడల్ టి కారు ఛాసిస్ బిగించే సమయం సుమారు పన్నెండున్నర గంటల నుంచి 93 నిమిషాలకు దిగింది. కానీ పొద్దస్తమానం ఒకే మర బిగించే పనిలో జనం నిలవలేదు, వచ్చినవాళ్లు వచ్చినట్టే మానేశారు. 1914 జనవరిలో ఫోర్డ్ రోజుకు ఐదు డాలర్ల వేతనం ప్రకటించడం వెనక ఈ తలనొప్పి చాలా ఉంది. ఉత్పాదకత పెరిగిన ప్రతిచోటా దాని ఖర్చు ఎవరి మీద పడుతోందని అడగాలి. ఆ ప్రశ్న తప్పించుకోలేక ఫోర్డే జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

టేలర్ కింది నుంచి పైకి చూస్తే, ఫ్రాన్సులో హెన్రీ ఫేయోల్ (1841–1925) పై నుంచి కిందికి చూశాడు. దివాలా అంచున ఉన్న గనుల కంపెనీ పగ్గాలు 1888లో చేపట్టి నిలబెట్టిన మనిషి ఆయన. నిర్వహణ అన్ని సంస్థలకూ వర్తించే ఒక ప్రత్యేక విద్య అనీ, దాన్ని నేర్పవచ్చనీ 1916లో వాదించాడు. మన పాఠ్యపుస్తకాల్లోని విధుల జాబితాకు, ఒక ఉద్యోగికి ఒకే పై అధికారి ఉండాలనే ఏకాజ్ఞ సూత్రానికి మూలం ఆయనే. ఆ సూత్రాల్లో కొన్ని ఒకదానికొకటి అడ్డు తగులుతాయని హెర్బర్ట్ సైమన్ 1940లలోనే ఎత్తిచూపాడు. మనిషికి ఉన్న సమాచారం, సమయం, బుద్ధి పరిమితం గనక మేనేజర్లు అత్యుత్తమమైన దారి కోసం వెతకరు, సరిపడేది దొరగ్గానే ఆగిపోతారని సైమన్ చెప్పిన మాట ఫేయోల్ సూత్రాలకంటే ఆఫీసు వాస్తవానికి దగ్గర. ఆయనకు 1978లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది.

మనసు లెక్కలోకి వచ్చింది

షికాగో పక్కన సిసిరోలో వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కంపెనీ వారి హాథార్న్ ఫ్యాక్టరీలో 1924లో ఒక మామూలు ప్రశ్నతో ప్రయోగం మొదలైంది: వెలుతురు పెంచితే ఉత్పత్తి పెరుగుతుందా? స్పష్టమైన సంబంధమేదీ దొరకలేదు. తరవాత కొద్దిమంది మహిళా కార్మికులను వేరే గదిలో కూర్చోబెట్టి విశ్రాంతి వేళలు, పని గంటలు మార్చి చూస్తే ఉత్పత్తి పెరుగుతూ పోయింది. తమ మాట వింటున్నారని, తమని పట్టించుకుంటున్నారని తోచడమే కారణమని ఎల్టన్ మేయో బృందం వ్యాఖ్యానించింది. ఇదే ప్రయోగాల్లో భాగంగా మగ కార్మికులున్న మరో గదిని గమనించినప్పుడు, ఎంత పని చేయాలో వాళ్లలో వాళ్లే ఒక హద్దు పెట్టుకున్నారని, దాటినవాణ్ణి దారికి తెచ్చుకుంటున్నారని తేలింది. నా దృష్టిలో ఈ రెండో గదే ముఖ్యం. మొదటి గదిలో కూలి లెక్కగట్టే తీరు కూడా మారింది, మధ్యలో ఇద్దరిని మార్చారు. కాబట్టి శ్రద్ధ ఒక్కటే కారణమని ఖాయంగా అనలేం. కాగితం మీది పదవుల వెనక కనిపించని కట్టుబాట్లు ఉంటాయనే పాఠానికి మాత్రం తిరుగులేదు.

అబ్రహాం మాస్లో 1943 నాటి వ్యాసంలో మనిషి అవసరాలను ఆకలి, భద్రత, ఆత్మీయత, గౌరవం, ఆత్మసాఫల్యం అనే క్రమంలో పేర్చాడు. ప్రతి స్లైడులోనూ కనిపించే త్రికోణం ఆయన గీసింది కాదు, తరవాతివాళ్లు తగిలించింది. కింది మెట్టు నిండితేగానీ పై మెట్టు తలపుకు రాదని చదువుకోవడమూ తప్పే. డగ్లస్ మెక్‌గ్రెగర్ 1960లో మేనేజర్ల నమ్మకాలను రెండుగా చూపాడు: మనిషి సహజంగా పని ఎగ్గొడతాడనేది ఎక్స్, బాధ్యత ఇస్తే తీసుకుంటాడనేది వై. ఏది నమ్మితే సంస్థ నియమాలు అలాగే తయారవుతాయి, చివరికి మనుషులూ అలాగే తయారవుతారని ఆయన హెచ్చరిక. జీతం, గది, నియమాలు బాగాలేకపోతే అసంతృప్తి వస్తుంది గానీ అవి బాగున్నంత మాత్రాన ఉత్సాహం రాదని ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో తేల్చాడు.

ఈ చర్చలో ఒక ముఖ్యమైన అధ్యాయం కాకినాడలో జరిగింది. హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1961లో ఒక సిద్ధాంతం ప్రకటించాడు. కొత్తది సాధించాలనే తపన ఏ సమాజంలో ఎక్కువుంటే ఆ సమాజం ఆర్థికంగా ఎదుగుతుందని దాని సారం. అలాంటి తపన ఉన్నవాళ్లు ఎలా ఉంటారో చూపడానికి ఆయన రింగులు విసిరే ఆట వాడాడు. గుంజకు మరీ దగ్గర నిలబడితే గెలుపు ఖాయం, మరీ దూరమైతే అంతా అదృష్టం. సాధనాకాంక్ష ఉన్నవాళ్లు రెండూ వదిలేసి, కష్టపడితే అందే దూరంలో నిలబడతారు. ఈ తపన పుట్టుకతో వచ్చేదా, పెద్దయ్యాక కూడా నేర్పవచ్చా అన్నది తేల్చడానికి 1960ల మధ్యలో కాకినాడ వ్యాపారులను ఎంచుకుని, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో శిక్షణ ఇచ్చారు. ఆ సంస్థే నేటి యూసుఫ్‌గూడ ఎన్ఐ-ఎంఎస్ఎంఈ. బొమ్మలు చూసి కథలు రాయడం, తమకు తామే లక్ష్యాలు పెట్టుకోవడం, తోటివాళ్ల ముందు వాటిని చర్చించడం శిక్షణలో భాగం. తిరిగెళ్లాక శిక్షణ పొందినవాళ్లు, పొందనివాళ్లకంటే ఎక్కువ చొరవ చూపారని, కొత్త పెట్టుబడులు పెట్టారని, ఎక్కువమందికి పని ఇచ్చారని మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ 1969లో పుస్తకంగా వెలువరించారు. కులం, ఆచారాలు, పాత పద్ధతులు వ్యాపార చొరవకు అడ్డు కాలేదన్నది అందులో మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసిన ఫలితం. దేశంలో ఆ తరవాత వచ్చిన ఔత్సాహిక పారిశ్రామికవేత్తల శిక్షణ కార్యక్రమాలకు ఈ ప్రయోగం పునాది వేసింది. మన మేనేజ్‌మెంట్ కాలేజీల్లో మాస్లోకు ఇచ్చే సమయంలో సగమైనా దీనికి ఇవ్వాలి.

లక్ష్యాలతో నిర్వహణ

పీటర్ డ్రకర్ (1909–2005) వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ రచయిత. జనరల్ మోటార్స్‌ను లోపలి నుంచి పరిశీలించి 1946లో పుస్తకం రాశాడు. 1954లో ఆయన ప్రతిపాదించిన లక్ష్యాధారిత నిర్వహణలో పై అధికారీ కింది ఉద్యోగీ కలిసి కూర్చుని లక్ష్యం తేల్చుకుంటారు, దారి ఉద్యోగికే వదిలేస్తారు. ఇంటెల్‌లో ఆండ్రూ గ్రోవ్ దాన్ని లక్ష్యాలు, కీలక ఫలితాల పద్ధతి (ఓకేఆర్)‌గా మలచుకున్నాడు. 1999లో జాన్ డోయర్ దాన్ని గూగుల్‌కు చేర్చాడు. ఆచరణలో ఆ మొదటి మెట్టే, కలిసి కూర్చోవడమే, ముందుగా ఎగిరిపోతుంది. లక్ష్యం పై నుంచి అంకెగా ఊడిపడితే మిగిలేది టార్గెట్టు. డబ్బు లెక్కలతోనే సంస్థను తూచకుండా వినియోగదారుడు, లోపలి పని తీరు, నేర్చుకునే శక్తి కూడా కొలవాలని కాప్లన్, నార్టన్ 1992లో తెచ్చిన బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డు ఈ రోగానికి కొంత మందు.

వ్యూహం

ఇగోర్ ఆన్సాఫ్ 1957లో సంస్థ ఎదగడానికి నాలుగు దారులు చూపాడు: ఉన్న మార్కెట్లో ఉన్న సరుకే ఇంకా అమ్మడం, ఉన్న సరుకును కొత్త మార్కెట్‌కు తీసుకెళ్లడం, పాత కొనుగోలుదారులకే కొత్త సరుకు చూపడం, రెండూ కొత్తవిగా దిగడం. చివరిదానిలో ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ. బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపు 1970లో తెచ్చిన గళ్లపటం అనేక వ్యాపారాలున్న పెద్ద కంపెనీల కోసం పుట్టింది. మార్కెట్ ఎంత వేగంగా పెరుగుతోంది, అందులో మన వాటా ఎంత అన్న రెండు కొలతలతో అది ఏ వ్యాపారం నుంచి డబ్బు తీసి దేనిలో పెట్టాలో చెబుతుంది. ఒకే వ్యాపారం ఉన్న చిన్న సంస్థకు దాంతో పని లేదు. బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులను నాలుగు గళ్లలో రాసే స్వాట్ అందరికీ తేలికే, అదే దాని జబ్బు కూడా. ఏ గడిలో రాసిన మాటకూ రుజువు అడగరు.

వీటిలో లోతైనది మైఖేల్ పోర్టర్ 1979లో ప్రతిపాదించిన ఐదు శక్తుల నమూనా. లాభం సంస్థ సామర్థ్యం మీదే కాదు, అది ఉన్న పరిశ్రమ స్వరూపం మీద కూడా ఆధారపడుతుందని పోర్టర్ వాదన. ఒక రైసు మిల్లుతో చూద్దాం. జిల్లాలో మిల్లులు పెరిగితే ఉన్నవాళ్ల మధ్య పోటీ ముదురుతుంది. అప్పు దొరికితే ఎవరైనా మిల్లు పెట్టవచ్చు గనక కొత్తవాళ్ల ముప్పు తీరదు. ధాన్యం అమ్మే రైతులు విడివిడిగా ఉంటారు కాబట్టి వాళ్ల బేరశక్తి తక్కువ. బియ్యం కొనే టోకు వ్యాపారి పక్క మిల్లుకు పోగలడు కాబట్టి అతనిదే పైచేయి. గోధుమ, చిరుధాన్యాల నుంచి వచ్చే పోటీ మన ప్రాంతంలో నెమ్మది. ఇంతవరకు నమూనా చక్కగా నడుస్తుంది. కానీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మిల్లుల బతుకు చాలావరకు ప్రభుత్వ సేకరణతో ముడిపడి ఉంది. ప్రభుత్వం కొన్న ధాన్యాన్ని మర ఆడించి, క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించాలి. అక్కడ మిల్లరు లాభాన్ని తేల్చేది మార్కెట్ ధర కాదు. మర ఆడించిన కూలి, నూకల శాతం, తవుడు ఊకల మీద వచ్చే రాబడి, బిల్లు వచ్చే తేదీ. ప్రభుత్వాన్ని ఆరో శక్తిగా లెక్కించనక్కర్లేదు, ఐదింటి ద్వారానే దాని ప్రభావం చూడాలని పోర్టర్ అభిప్రాయం. మన వ్యవసాయ పరిశ్రమల్లో ఆ సర్దుబాటు నిలవదు. మిల్లు పెట్టేవాడు ముందుగా చదవవలసింది సేకరణ విధానం.

కోయంబత్తూరులో పుట్టిన సి.కె. ప్రహ్లాద్, గ్యారీ హామెల్‌తో కలిసి 1990లో ఎదురు దిశ నుంచి వచ్చాడు. పరిశ్రమ ఎలా ఉందనేదానికంటే సంస్థకు ఏ పని ఇతరులకు అంతుపట్టనంత బాగా వచ్చో చూడమన్నాడు. దాన్నే మూల సామర్థ్యం అన్నారు. పేదలను దయ చూపవలసినవాళ్లుగా కాక కొనుగోలుదారులుగా గౌరవించి సరుకులు, సేవలు తయారుచేస్తే సంస్థకూ వాళ్లకూ మేలని 2004లో ఆయన రాసిన పుస్తకం ప్రపంచమంతా చర్చకు వచ్చింది. ఆ ఆలోచనకు గట్టి పరీక్ష మన దగ్గరే ఎదురైంది. ఒకే మహిళకు పలు సూక్ష్మరుణ సంస్థలు అప్పులిచ్చి, వారం వారం వసూళ్ల ఒత్తిడి భరించలేని స్థాయికి చేరాక, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ వసూళ్ల మీద ఆర్డినెన్సు తెచ్చింది. పేదవాడు కొనుగోలుదారు అయినంత మాత్రాన అతని తీర్చే శక్తి పెరగదు.

నాణ్యత

బెల్ సంస్థలో పనిచేసిన వాల్టర్ షూహార్ట్ 1924లో నియంత్రణ పటం గీశాడు. ఏ యంత్రంలోనైనా సహజమైన చిన్న తేడాలుంటాయి, ప్రత్యేక కారణంతో వచ్చే తేడాలు వేరు. రెండింటినీ విడదీయడం దాని పని. ఎడ్వర్డ్స్ డెమింగ్ 1950లో జపాన్ ఇంజనీర్లకు ఇదే నేర్పాడు. లోపాల్లో అధిక భాగం వ్యవస్థవి, కార్మికుడివి కావని, అంకెల కోటాలు, లక్ష్యాలతో మనుషులను తోలడం మానాలని ఆయన పట్టుపట్టాడు. ఇక్కడ డెమింగ్ డ్రకర్ శిష్యులతో నేరుగా ఢీకొంటాడు. ఒకే సంస్థలో లక్ష్యాల వ్యవస్థ, నాణ్యత ఉద్యమం రెండూ పెట్టిన మేనేజర్లు ఈ పేచీని గుర్తించకపోతే రెండూ చెడతాయి. 1951లో డెమింగ్ పేరిట మొదలైన బహుమతిని భారతదేశం నుంచి మొదట గెలిచింది సుందరం-క్లేటన్, 1998లో.

టయోటా పద్ధతి దీనికి కొనసాగింపు. సకిచి టొయోడా 1920లలో తయారుచేసిన మగ్గం, పోగు తెగగానే తనంతట తానే ఆగిపోయేది. చెడ్డ గుడ్డ నేయడం కంటే ఆగడం మేలన్న ఆ ఆలోచనను కార్ల ఫ్యాక్టరీకి తెచ్చి, లోపం కనిపిస్తే ఏ కార్మికుడైనా తాడు లాగి లైను ఆపే అధికారం ఇచ్చారు. తైచీ ఓనో దీనికి ఏ సరుకు ఎంత కావాలో చెప్పే కాన్బాన్ చీటీలను, కావలసినప్పుడు కావలసినంతే సరుకు తెప్పించుకునే జస్ట్ ఇన్ టైమ్ పద్ధతిని జోడించాడు. నిల్వలు తగ్గితే దాగిన లోపాలు బయటపడతాయి. అలాగే ప్రమాదమూ పెరుగుతుంది. 1997 ఫిబ్రవరిలో బ్రేకు భాగాలు చేసే ఐసిన్ కర్మాగారం కాలిపోతే టయోటా లైన్లు రోజుల తరబడి ఆగాయి. మోటరోలా 1986లో మొదలుపెట్టిన సిక్స్ సిగ్మా పది లక్షల అవకాశాల్లో 3.4 లోపాలకు మించకూడదంటుంది. ఒకే పనిని లక్షల సార్లు చేసే చోటే దానికి అర్థం.

డబ్బు లెక్క

చిన్న సంస్థలను ముంచేది వ్యూహ లోపం కంటే నగదు కొరత. ఒక ఆవకాయ తయారీ యూనిట్ తీసుకుందాం. అద్దె, జీతాలు, కరెంటు కలిపి నెలకు స్థిర ఖర్చు రూ.60,000. సీసా అమ్మకపు ధర రూ.200, కాయ, కారం, ఆవపిండి, నూనె, సీసా కలిపి రూ.140. సీసాకు మిగిలేది రూ.60, కాబట్టి నెలకు 1,000 సీసాలు అమ్మితే లాభమూ లేదు, నష్టమూ లేదు. పోటీ చూసి ధర పది శాతం తగ్గించి రూ.180 చేస్తే సీసాకు మిగిలేది రూ.40. అప్పుడు 1,500 సీసాలు అమ్మితేగానీ ఖర్చులు రావు. ధరలో పది శాతం కోత పడితే అమ్మకాలు యాభై శాతం పెరగాలి. డిస్కౌంటు బోర్డు రాయించే ముందు వేయవలసిన లెక్క ఇదొక్కటే.

ఇప్పుడు పాత ధరకే నెలకు 1,500 సీసాలు పోతున్నాయనుకుందాం. నెలకు రూ.30,000 లాభం. కానీ మామిడికాయ ఎండాకాలంలోనే వస్తుంది, సంవత్సరానికి సరిపడా అప్పుడే కలపాలి. సరుకు సగటున 150 రోజులు జాడీల్లో ఉంటుంది. దుకాణాలు 45 రోజులకు డబ్బిస్తాయి. మనకు ముడిసరుకు ఇచ్చినవాళ్లు 30 రోజులు ఆగుతారు. 150కి 45 కలిపి 30 తీసేస్తే 165 రోజులు. సరుకు ఖర్చు రోజుకు రూ.7,000 చొప్పున రూ.11.55 లక్షలు ఎప్పుడూ చిక్కుకుని ఉంటాయి. లాభం చూసి మురిసిన యజమాని ఆ డబ్బు వడ్డీకి తెస్తే, ఆ లాభంలో పెద్ద భాగం వడ్డీకే పోతుంది. ఈ 165 రోజులనే నిర్వహణ మూలధన చక్రం అంటారు. నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు 45 రోజులకు మించకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం చెబుతోంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. ఈ హక్కు తెలిసి అడిగేవాళ్లు ఇంకా తక్కువే.

మార్కెటింగ్‌లో జెరోమ్ మెకార్తీ 1960లో చెప్పిన సరుకు, ధర, చోటు, ప్రచారం అనే నాలుగింటిని ఫిలిప్ కోట్లర్ పుస్తకం ప్రపంచమంతా చాటింది. నాలుగింటిలో తక్షణం రాబడి తెచ్చేది ధర ఒక్కటే, మిగతా మూడూ ఖర్చులు.

యాజమాన్యం మీద నిఘా

వాటాదారుల డబ్బు, మేనేజర్ల చెయ్యి. రెండిటి ప్రయోజనాలూ ఒకటి కానప్పుడు ఏం జరుగుతుందో జెన్సెన్, మెక్లింగ్ 1976లో ప్రతినిధి సిద్ధాంతంగా వివరించారు. దానికి తెలుగునాట జరిగిన ఉదాహరణ సత్యం కంప్యూటర్స్. 2008 డిసెంబరు 16న, ప్రమోటర్ల కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనడానికి బోర్డు ఒప్పుకుంది. సత్యంలో అప్పటికి ప్రమోటర్ల వాటా పది శాతం లోపే, కొనబోయే సంస్థల్లో వాళ్ల వాటా చాలా ఎక్కువ. పెట్టుబడిదారులు మండిపడటంతో గంటల్లోనే నిర్ణయం వెనక్కి వెళ్లింది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖతో, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు లేనే లేవని బయటపడింది. కార్పొరేట్ పాలనలో శ్రేష్ఠతకు ఆ కంపెనీ బహుమతి అందుకుని అప్పటికి కొద్ది నెలలే అయింది. పేరున్న స్వతంత్ర డైరెక్టర్లు, పేరున్న ఆడిటర్లు, బహుమతులు ఏవీ కాపాడలేదు, ఎందుకంటే బ్యాంకు నిల్వను నేరుగా బ్యాంకునే అడిగి సరిచూసుకునే మామూలు పని సరిగ్గా జరగలేదు. ప్రభుత్వం బోర్డును తొలగించి కొత్తవారిని నియమించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో కంపెనీ టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. ఆ తరవాత వచ్చిన 2013 కంపెనీల చట్టం 139వ సెక్షను ప్రకారం లిస్టెడ్ కంపెనీలో ఒకే ఆడిట్ సంస్థ ఐదేసి ఏళ్ల చొప్పున రెండు విడతలకు మించి వరసగా కొనసాగకూడదు. ఆడిటరు ఒంటరి వ్యక్తి అయితే ఐదేళ్లకే మారాలి.